తొండి ఆటలో తీపి ఎక్కడిది?

వాక్య భాగము: సామెతలు 26:18, 19



ఈ మధ్య మన బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో ఏ యవనస్థుల కూడికకు వెళ్లినా ఒక ప్రసంగం తప్పకుండా వినబడుతోంది. ఫోన్‌లో ఆటలు సాతాను ఆటలు, వాటిని తీసేయండి, పిల్లలు బాగుపడతారు అని. చెప్పేవాళ్లు నా తోటి సేవకులే, వారి భారం నిజమైనదే. పెద్దలు గట్టిగా ఆమేన్ అంటారు. పిల్లలు తల వంచుకుని వింటారు, కూడిక అయ్యాక మందిరం గోడ వెనక్కి వెళ్లి మళ్లీ ఫోన్ తీస్తారు.

ఆ ప్రసంగం మీద నాకు అభ్యంతరం ఉంది. ఆటలు మంచివని చెప్పడానికి నేను రావడం లేదు. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకొకచోట రాస్తున్నామని చెప్తున్నాను.

ప్రభుత్వం తన పని తాను చేసింది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది. అదే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ల మీద నిషేధం తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. పొలం, పుస్తెలు పోగొట్టుకున్న ఇళ్లకు ఆ చట్టం మేలే. కానీ చట్టం చూసేది డబ్బును. ఆ ఆటలో మన హృదయం దేనికి చప్పరిస్తోందో చట్టం చూడదు. అది చూడవలసింది సంఘం.

అసలు ఏం జరుగుతుంది?

ఫోన్ పట్టుకోని పెద్దల కోసం కాస్త వివరంగా చెప్తాను. తుపాకీ ఆటలు కాక ఇంకో రకం ఉన్నాయి. వాటిని స్ట్రాటజీ గేమ్స్ అంటారు, ఎత్తులు పైఎత్తులు వేసే ఆటలు. మన పిల్లలు ఇక్కడ ఫోన్లలో ఆడతారు, హైదరాబాదులో అమెరికాలో ఉద్యోగం చేసే మన పెద్దపిల్లలు కంప్యూటర్లలో ఆడతారు.

1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే ఆటలో కొద్దిమంది పల్లెజనంతో మొదలుపెట్టి కట్టెలు కొట్టి, పొలం వేసి, రాజ్యం కట్టాలి. ఆరితేరినవాళ్లు శత్రువు సైన్యం జోలికి ముందు పోరు. గుర్రపు రౌతులను పంపి పొలంలో పనిచేసుకునే రైతులను నరికిస్తారు. రైతు పడితే తిండి ఆగుతుంది, తిండి ఆగితే సైన్యం ఆగుతుంది. 1991 నుంచి వస్తున్న సివిలైజేషన్ అనే ఆటలో పొరుగు రాజుతో సమాధానం మాట్లాడుతూనే సరిహద్దుకు సైన్యాన్ని చేర్చవచ్చు.

అవతల ఉన్నది కంప్యూటరైతే అది వేరు. నిజం మనుషులుండే ఆటలూ ఉన్నాయి. ఐస్‌లాండ్ దేశపు కంపెనీ నడిపే ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో 2005లో జరిగింది వినండి. ఒక ముఠా తన మనుషులను ఎదుటి కంపెనీలో చేర్పించింది. వాళ్లు దాదాపు ఏడాదిపాటు నమ్మకంగా పనిచేసి, తాళాలు చేతికొచ్చే స్థానాలకు ఎదిగారు. ఒక రోజు సంకేతం అందగానే అన్ని గోదాములూ ఒకేసారి ఖాళీ చేసి, తమను నమ్మిన నాయకురాలి ఓడను పేల్చేశారు. ఆట నియమాల ప్రకారం అది తప్పు కాదు. ఆ ఆట ఆడేవాళ్లు ఇప్పటికీ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

అంత దూరం ఎందుకు? క్లాష్ ఆఫ్ క్లాన్స్ మన ఊళ్లోనే ఆడతారు. అందులో కొంతమంది కలిసి క్లాన్ అని ఒక గుంపు కడతారు. మా సంఘానికి వచ్చే ఒక తమ్ముడు నాతో చెప్పాడు. ఒక క్లాన్‌లో ఆరు నెలలు కలిసిమెలిసి ఉన్నాడట. దాని లీడర్ పరీక్షలున్నాయని లీడర్‌షిప్ ఇతని చేతికిచ్చి వెళ్లాడట. ఇతను ఆ రాత్రే అందర్నీ ఒక్కొక్కరిగా బయటికి గెంటేశాడట. "తెల్లారి వాళ్ల ముఖాలు చూడాలి అయ్యగారూ!" అని నవ్వాడు. "నువ్వు చూడలేదు కదయ్యా" అన్నాను. "ఊహించుకుంటే చాలు అయ్యగారూ, అదే మజా" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట దగ్గర ఆగండి. అందులో రక్తం లేదు, డబ్బు లేదు, తుపాకీ లేదు. ఏ చట్టమూ దాన్ని పట్టుకోలేదు. కానీ నమ్మిన మనిషి ముఖం వాడిపోవడాన్ని ఊహించుకుని మనసు తియ్యబడుతోంది. నా భయం ఆ తీపి గురించి.

ఎత్తు వేరు, తొండి వేరు

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆటలో ఎదుటివాణ్ణి ఏమార్చడమే పాపమైతే మన పిల్లలు కబడ్డీ కూడా ఆడకూడదు. కూతకు వెళ్లినవాడు కుడికి వంగి ఎడమకు దూకుతాడు. అది నేర్పు. చదరంగంలో బంటును ఎరవేసి, ఆశపడి తిన్నవాణ్ణి చిక్కించుకుంటారు. మన గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ ఆ విద్యలో గ్రాండ్‌మాస్టర్. మన కృష్ణా జిల్లా అమ్మాయి కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. చదరంగంలో పావులన్నీ ఇద్దరి కళ్లముందే ఉంటాయి. నీ మీదికి వస్తున్నానని చెప్పి వచ్చే ఆట అది. ఓడినవాడు చెయ్యి కలిపి లేస్తాడు, వాడి నమ్మకం ఏమీ విరగదు.

వాక్యంలోనూ ఇదే తేడా ఉంది. యెహోషువ హాయి పట్టణం వెనుక పొంచియుండే సైన్యాన్ని పెట్టాడు (యెహోషువ 8). అది యుద్ధం. అవతలివాళ్లకూ యుద్ధమని తెలుసు. యోవాబు సంగతి చూడండి. సమాధానంగా వచ్చి వెళ్తున్న అబ్నేరును వెనక్కి పిలిపించి, ఏకాంతంగా మాట్లాడేవానిలా గుమ్మం పక్కకు తీసుకుపోయి పొడిచాడు (2 సమూయేలు 3:27). అమాశాను క్షేమం అడుగుతూ, ముద్దుపెట్టుకోబోయేవానిలా గడ్డం పట్టుకుని, రెండో చేతిలోని కత్తి దింపాడు (2 సమూయేలు 20:9, 10). యోవాబు చాలా యుద్ధాలు గెలిచాడు, వాటికి దావీదు అతన్ని తప్పు పట్టలేదు. చనిపోయేముందు సొలొమోనుకు చెప్పిన నేరం ఒక్కటే, యుద్ధంలో చేసే పని సమాధాన సమయంలో చేశాడని (1 రాజులు 2:5). ముద్దు పెట్టి అప్పగించే విద్యను ఆ తర్వాత ఇస్కరియోతు యూదా గెత్సేమనేలో వాడాడు.

కాబట్టి గీత ఎక్కడో మనకు తెలుస్తోంది. పోటీ అని ఇద్దరూ ఒప్పుకున్న చోట ఎత్తు వేయడం ఆట. ఎదుటివాడు నిన్ను తనవాడనుకుని వీపు తిప్పిన చోట దెబ్బ కొట్టడం తొండి. దాన్ని తలుచుకుని నవ్వుకోవడం తొండికన్నా లోతైన రోగం.

"అయ్యగారూ, అది ఆటే కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా" అని పిల్లలు అడుగుతారు. సొలొమోనుకు ఈ ప్రశ్న కొత్త కాదు. పొరుగువాణ్ణి మోసం చేసి, నేను నవ్వులాటకు చేశాను అనేవాణ్ణి, నిప్పుకొరవులు, బాణాలు విసిరే వెర్రివానితో పోల్చాడు. మనం పైన పెట్టుకున్న వాక్య భాగం అదే. నవ్వులాట అనే మాట ఆ దెబ్బకు మందు కాదని ఆయన తీర్పు. ఆరు నెలలు స్నేహం చేసింది నిజం మనిషితోనే. క్లాన్ ఉత్తుత్తిదే కావచ్చు, నమ్మకం ఉత్తుత్తిది కాదు.

వాక్యం చదివేవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. రాహాబు వేగులవారిని దాచి అబద్ధం చెప్పలేదా? హూషై అబ్షాలోము పక్షాన చేరినట్టు నటించలేదా? నటించాడు. వాక్యం దాన్ని దాచలేదు. అయితే అక్కడ మెడ మీద కత్తి ఉంది, ప్రాణాలు కాపాడే పని ఉంది. వాళ్లలో ఎవరూ కాలక్షేపానికి ఆ పని చేయలేదు, ఎవరి ముఖం వాడిపోవాలనీ ఎదురుచూడలేదు. ప్రాణభయంతో మింగిన చేదు మందును చూపించి, రోజూ తాగే సారాకు అనుమతి అడగకూడదు.

పిల్లలకు నేర్పింది ఎవరు?

ఇప్పుడు పెద్దల వైపు తిరుగుతాను. ఈ వ్యాసం అసలు మీకోసమే.

1959లో అమెరికాలో డిప్లొమసీ అనే బల్లమీది ఆట అమ్మకానికి వచ్చింది. అందులో పాచికలు లేవు. ఏడుగురు ఏడు రాజ్యాలై, పక్కకు వెళ్లి మాట్లాడుకుని ఒప్పందాలు చేసుకుంటారు. ఆ ఒప్పందం నిలబెట్టుకోవాలన్న నియమం లేదు. 2022లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఈ ఆట ఆడే యంత్రాన్ని తయారుచేసింది. మనుషులు ఆ ఆట ఆడుతూ రాసుకున్న సంభాషణలే దానికి పాఠాలు. నిజాయితీగా మాట్లాడేలా తయారుచేశామని వాళ్లు చెప్పారు. 2024లో వేరే పరిశోధకులు దాని మాటలు పరిశీలించి, అది ఒకరికి మాట ఇచ్చి, వాళ్లనే దెబ్బతీసే పథకం ముందే వేసిందని చూపించారు. యంత్రానికి సాతాను పట్టలేదు. మనుషులు మాట్లాడుకున్నది చదివి నేర్చుకుంది.

మన పిల్లలూ అంతే. వాళ్లు ఫోన్ పట్టుకోకముందే మన మాటలు విన్నారు.

పొలం గట్టు రెండు జానలు పక్కవాడి చేలోకి జరిపినవాణ్ణి మనం ఏమంటాం? "బతకనేర్చినోడు" అంటాం. ఇచ్చిన మాట మీద నిలబడి నష్టపోయినవాణ్ణి ఏమంటాం? "వెర్రిబాగులోడు" అంటాం. పొరుగువాని సరిహద్దు రాయి జరిపేవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము 27:17 చెప్తోంది. ప్రమాణం తనకు నష్టం తెచ్చినా మాట తప్పనివాడే దేవుని పర్వతం మీద నివసిస్తాడని 15వ కీర్తన చెప్తోంది. వాక్యం శపించినవాణ్ణి మనం మెచ్చుకుంటాం, వాక్యం మెచ్చుకున్నవాణ్ణి చూసి నవ్వుతాం. ఇంటి అరుగు మీద కూర్చున్న పదేళ్ల పిల్లవాడు అంతా వింటూనే ఉంటాడు.

మన పక్క పల్నాడు కథ తీసుకోండి. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు వలస పోవడం, గడువు తీరి రాజ్యభాగం అడిగితే ఇవ్వకపోవడం, రాయబారానికి వచ్చిన అలరాజుకు విషం పెట్టించడం, చివరికి కారంపూడి దగ్గర రెండు వైపులా కులదీపకాలు ఆరిపోవడం, ఇదీ మన పెద్దలు చెప్పుకునే కథ. 1966 సినిమాలో భానుమతిగారు నాగమ్మ వేషం కట్టారు. కథంతా విని మనవాళ్లు చివరికి ఏమంటారు? "నాగమ్మ ఎత్తులే ఎత్తులు!" అంటారు. విషం తిన్న రాయబారి కన్నా విషం పెట్టించిన తెలివే మనకు గుర్తుంటుంది.

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఆ రోజుల్లో మన రచ్చబండల మీద ఏ కథలకు ఎక్కువ నవ్వామో గుర్తు చేసుకోండి. రెండు వైపులా డబ్బు తీసుకుని మూడోవాడికి వేసినవాడి కథకు నవ్వాం. ఓట్లు చీల్చడానికి అదే పేరున్న అమాయకుణ్ణి నిలబెట్టే ఎత్తుకు నవ్వాం. పొద్దున ఒకరి కండువా, సాయంత్రం ఇంకొకరి కండువా వేసుకునేవాణ్ణి చూసి "వాడికి రాజకీయం తెలుసు" అన్నాం. రాజకీయం అనే మాటకు మన ఊళ్లలో ఇప్పుడు మోసం అనే అర్థమే మిగిలింది, అదీ మెచ్చుకోలుగా.

ఇది ఊరి సంగతి. సంఘం సంగతి? కమిటీ ఎన్నికల ముందురోజు రాత్రి చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి, తెల్లారి వేరొకరికి చెయ్యెత్తేవాళ్లు లేరా? మందిరం స్థలం కాగితాలు నమ్మి చేతికిస్తే తమ పేరున రాయించుకున్నవాళ్లు లేరా? పరామర్శకు వచ్చామని చెప్పి తోటి సేవకుని సంఘంలోని కుటుంబాలను తమ మందిరానికి తిప్పుకునే సేవకులు లేరా? దాన్ని "ఆత్మల సంపాదన" అని పిలుస్తారు. మా తమ్ముడు ఆటలో చేసినదానికీ దీనికీ తేడా ఏమిటి? వాడు ఫోన్‌లో చేశాడు, వీళ్లు బైబిలు చంకలో పెట్టుకుని చేశారు. వాడు మజా అన్నాడు, వీళ్లు దేవుని చిత్తం అన్నారు. వాణ్ణి గద్దించే అధికారం వీళ్లకు ఎక్కడిది?

పాముల మాట ఎవరితో చెప్పాడు?

ఇలా చేసేవాళ్లందరికీ కంఠస్థం వచ్చిన వాక్యం ఒకటుంది, మత్తయి 10:16. ప్రభువే పాముల్లా వివేకంగా ఉండమన్నాడు కదా అంటారు. వచనం మొదటినుంచి చదవండి. ఆ మాట తోడేళ్ల మధ్యకు వెళ్తున్న గొర్రెలతో చెప్పాడు. తోడేళ్లకు వ్యూహం నేర్పలేదు. మనిషి అడుగుల చప్పుడు విని తప్పుకుపోయే పామును మన పొలాల్లో రోజూ చూస్తాం. ఆ జాగ్రత్త కావాలి. అదే వచనంలో పావురం కూడా ఉంది. పామును ఉంచుకుని పావురాన్ని ఎగరగొట్టినవాడు వాక్యాన్ని సగానికి కోసినట్టే.

మాట ఎంత బరువైనదో గిబియోనీయుల దగ్గర చూడండి. బూజుపట్టిన రొట్టెలు, మాసికల చెప్పులు చూపించి వాళ్లు ఇశ్రాయేలీయులతో తొండిగా ఒప్పందం చేయించుకున్నారు (యెహోషువ 9). మోసం మూడు రోజుల్లోనే బయటపడింది. అయినా ప్రమాణం చేశాం కాబట్టి ముట్టుకోమన్నారు పెద్దలు. ఎన్నో తరాల తర్వాత సౌలు ఆ మాట మీరి వాళ్లను చంపితే, దేశానికి మూడేళ్లు కరువు వచ్చింది (2 సమూయేలు 21:1). మోసపోయి ఇచ్చిన మాటనే దేవుడు అంతగా లెక్కించాడు. మోసం చేయడానికే ఇచ్చే మాటను ఎలా లెక్కిస్తాడు?

మేడ మీది ఆటగాడు

దావీదు రాజు మేడ మీద ఉన్నాడు. కింద మనుషులు పావుల్లా కనబడ్డారు. ఊరియా చావు ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు (2 సమూయేలు 11:14, 15). ఆ నమ్మకస్థుడు దారిలో విప్పి చూడడని ఆయనకు తెలుసు. ఎత్తుగా చూస్తే అంతకన్నా నిక్కమైన ఎత్తు లేదు. ఊరియా నమ్మకమే అతనికి ఉరి అయింది. వార్త వచ్చాక దావీదు ఏడవలేదు, యుద్ధంలో ఇలాంటివి మామూలేనని యోవాబుకు కబురు పంపాడు.

దేవుడు ఆయన దగ్గరికి నాతానును పంపాడు. నాతాను ధర్మశాస్త్రం చదివి వినిపించలేదు. ఒక పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. అది వాడి ముద్దలో తిని, వాడి ఒడిలో పడుకునేది. పావుగా కనబడిన ఊరియాకు నాతాను ఆ కథతో ముఖం తిరిగి ఇచ్చాడు. దావీదు కోపంతో మండిపడ్డాక, ఆ మనుష్యుడవు నీవే అని తేల్చాడు. మన యవనస్థులకు ఇప్పుడు కావలసింది ఆ ప్రసంగం. ఫోన్ పగలగొట్టే ప్రసంగంతో ముఖం కనబడదు.

చేయవలసినది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆట ఆడేటప్పుడు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. నేను గెలిచినందుకు సంతోషిస్తున్నానా, వాడు నమ్మి చెడినందుకు సంతోషిస్తున్నానా? రెండోదైతే ఆ ఆట అక్కడ ఆపండి. మీరు గెంటేసిన వాళ్లు ఉంటే, ఆ పరీక్షల కుర్రవాడి క్లాన్ వాడికి తిరిగి ఇచ్చేయండి. జక్కయ్య నాలుగంతలు ఇచ్చాడు. అడిగినా అడగకపోయినా "క్షమించు" అని ఒక మెసేజ్ పెట్టడానికి మీకు ఒక్క నిమిషం పడుతుంది.

తల్లిదండ్రులారా, ఫోన్ లాక్కునే ముందు పక్కన కూర్చుని, ఏం ఆడుతున్నావు నాన్నా, ఎలా గెలిచావు అని అడగండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి. రాత్రి భోజనాల దగ్గర మీరు ఎవరి తెలివిని మెచ్చుకుంటున్నారో దాన్నీ వినండి.

సంఘ పెద్దలారా, వచ్చే కమిటీ ఎన్నికలో ఒకరికి మాట ఇస్తే నష్టమైనా నిలబడండి. పిల్లలు చూడాలి. పది ప్రసంగాలు చేయలేనిది ఆ ఒక్క నిలకడ చేస్తుంది.

మన పల్లెల్లో పులి-మేక ఆట ఉండేది. అరుగు మీద సుద్దతో గీసి, రాళ్లూ చింతగింజలూ పెట్టి ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకకు చంపడం రాదు. ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని, సందు లేకుండా నిలబడడం ఒక్కటే దానికి వచ్చు. అలా నిలబడితే పులికి దూకే చోటు ఉండదు, మేకలే గెలుస్తాయి. అందులోనూ ఎత్తు ఉంది, ఓపిక ఉంది, గెలుపు ఉంది. పక్క మేకను పులికి అమ్మేసి గెలిచే దారి మాత్రం ఆ ఆటలో లేదు.

ప్రార్థన: ప్రభువా, నమ్మినవానిచేతనే ముద్దుపెట్టబడి అప్పగించబడినవాడవు నీవు. ఆ ముద్దు చేదు నీకు తెలుసు. మా పిల్లల నాలుకల మీదనుంచి, వారికన్నా ముందు మా నాలుకల మీదనుంచి, ఆ తొండి తీపిని తీసివేయుము. మాట ఇచ్చి నష్టపోయినా నిలబడే ధైర్యం మా ఊరికి, మా సంఘానికి దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.